ఉప్పలయ్య నేసిన పురుగు దారి

చనిపోయిన రోజు పొద్దున ఉప్పలయ్య పులిసిపోయిన గంజికుండలోకి తొంగి చూస్తూ కూర్చున్నాడు. పడుగుకు పట్టించడానికి కాచిన గంజి అది. మూడు రోజులుగా మూతపెట్టి మరిచిపోయారు. పైన బూజు కట్టింది. తెల్లటి గుండ్రాలు, వాటి మధ్య పచ్చగా నల్లగా మచ్చలు. ఇల్లంతా పాచి కంపు. కూతురు సారలమ్మ వాకిలి ఊడ్చి లోపలికి వస్తూనే ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది.

“ఏంది నాయినా అది? తల్కాయ కుండల పెట్టి కూసున్నవ్. ఆ కంపుకు ఇంట్ల నిలవబుద్ధైతలేదు.”

“ఒక్కపారి ఇటు రా బిడ్డా. ఇగో, ఈ రెండు గుండ్రాలు చూడు. దగ్గర దాకా వచ్చినయి గని ముట్టుకోలే. నడుమ సన్నగ సందు ఇడిసినయి. అట్ల ఇడవాలని ఎవరు నేర్పిన్రు వీటికి?”

“ఎవరో నేర్పిన్రు తియ్యి. ఇట్ల తే.”

ఆమె కుండ గుంజుకుని పెరట్లో పెంట మీద పారబోసింది. ఉప్పలయ్య కోపం చేసుకోలేదు. “అడుగు మంచిగ రుద్దు, అంటుకుంటది” అని మాత్రం చెప్పి మగ్గం గుంటలో కాళ్ళు పెట్టాడు. పొద్దు నడినెత్తికి వచ్చే ముందు అంబలి తాగమని సారలమ్మ పిలవడానికి వెళ్తే, నేస్తున్న బట్ట మీదికి వొరిగి ఉన్నాడు. పోగు అటూ ఇటూ విసిరే నాడె చేతిలోంచి జారి గుంటలో పడి ఉంది. ఒళ్ళు అప్పటికే చల్లబడింది.

సాయంత్రానికి ఊరంతా వచ్చింది. వచ్చినవాళ్ళు ఊరికే ఏడ్చి పోతే బాగుండేది. పటేలు ముత్తయ్య ముసలివాడైపోయాడు. మనవడి భుజం పట్టుకుని వచ్చి, పాడె పక్కన నిలబడి, “ఏం పనోడే! పురుగు సుత ఆయన చేతుల పువ్వు అవుతుండె” అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు తలలు ఊపారు. అవునవును అన్నారు. సారలమ్మకు ఆ మాట పొద్దుటి బూజు కంపు లాగే తగిలింది. లేచి పెరట్లోకి పోయి నోరు కడుక్కుంది. ఏడుపు ఆపుకోలేక పోయిందనుకున్నారు అందరూ.

ఆ పురుగు సంగతి తెలియాలంటే పద్దెనిమిదేళ్ళు వెనక్కి పోవాలి.

భోపాలపట్నం జమీందారీ బస్తరు రాజ్యంలో ఉన్న రోజులవి. తర్లగూడకు రెండు కోసుల దూరంలో, గోదావరికి కొంచెం ఎడంగా ఉంటుంది ఊరు. ఇళ్ళలో తెలుగు, అడవి వైపు దోర్ల గిరిజనుల గూడెంలో వాళ్ళ దోర్లి, సంతలో నాలుగు భాషలూ. బడిలో మాత్రం హిందీ. రాజ్యం వాళ్ళు పెట్టిన బడి అది. పాఠం చెప్పే గురూజీ రాయపూర్ దిక్కు నుంచి వచ్చాడు. పదేళ్ళు ఆ ఊళ్ళో ఉండి తెలుగు చక్కగా అర్థం చేసుకునేవాడు. మాట్లాడాల్సి వస్తే మాత్రం నాలుకకు మట్టి అంటినట్టు మొహం పెట్టేవాడు.

ఒక ఏడు రాజధాని జగదల్‌పూర్ నుంచి హుకుం వచ్చింది. ప్రతి బడిలో పిల్లలకు వారానికి రెండు పూటలు ఏదో ఒక చేతిపని నేర్పాలని, ఏడాది చివర బడులు తనిఖీ చేసే సాబు వచ్చి చూసి, బాగుంటే సాగనిస్తాడని, లేకపోతే ఎత్తేస్తాడని. ఊళ్ళో చేతిపని వచ్చినవాడు నేతపని చేసే ఉప్పలయ్య ఒక్కడే. గురూజీకి వేరే దారి లేదు. అయినా ఉప్పలయ్యను బడి లోపలికి రానివ్వలేదు. బయట ఇప్పచెట్టు కింద నేర్పుకోమన్నాడు. ఆ చెట్టుకూ బడి గుమ్మానికీ మధ్య కాలితో ఒక గీత గీశాడు. వానకు గీత చెరిగిపోయినప్పుడల్లా మళ్ళీ గీసేవాడు.

ఉప్పలయ్య ఆ గీతను పట్టించుకోలేదు. పిల్లలు దొరికారు, అది చాలు అనుకున్నాడు. ఆయనకు అదొక పిచ్చి. నేత ఇంట్లో నేర్చుకుంటారు. చూపు ఎక్కడ నేర్చుకుంటారు అనేవాడు. బడి ఉన్నన్నాళ్ళు, సాబు వచ్చి సరే అంటే ఆ తరవాత ఏళ్ళూ, ఊళ్ళో పిల్లలందరికీ చూపు నేర్పాలని ఆయన ఆశ. అంత ఆశ పెట్టుకున్న పని ఆయన బతుకులో ఇంకొకటి లేదు.

అంతకుముందు బడిలో బొమ్మలు గీయించడం ఉండేది. గురూజీ దగ్గర ఒక పుస్తకం. అందులో గాజు గిన్నెలో పెట్టిన గులాబీ బొమ్మ. దాన్ని చూసి పిల్లలు పలక మీద దించాలి. గులాబీని వాళ్ళెవరూ చూసి ఉండలేదు. దోర్ల గూడెం పిల్లవాడు ఇర్మా దాన్ని ఉల్లిగడ్డ అనుకుని కింద వేర్లు పెట్టాడు. గురూజీ వాడి చెవి మెలిపెట్టాడు. మిగిలినవాళ్ళు నవ్వారు. ఉల్లిగడ్డకు వేర్లుంటాయని చూసిన వాడు ఆ గదిలో ఇర్మా ఒక్కడే.

ఉప్పలయ్య పిల్లల్ని పువ్వుల దగ్గరికి తీసుకుపోలేదు. అదే సారలమ్మకు ఏడుపు తెప్పించేది. “పువ్వును అందరు చూస్తరు. ఎవరు చూడనిది చూడాలె” అని పెంటకుప్పల వెంట, మురిగిన ఆకుల వెంట, చచ్చిన మాను వెంట తిప్పేవాడు. పేడపురుగు ఉండ దొర్లించిన దారి చూడమనేవాడు. చెరువు ఎండినచోట బురద పగుళ్ళు చూడమనేవాడు. పాము విడిచిన కుబుసాన్ని వెలుతురుకు పట్టి పొలుసులు ఏ వరస మీద ఏ వరస ఎక్కిందో లెక్కపెట్టించేవాడు. పిల్లలు దేన్నైనా చూసి పేరు చెప్పబోతే చెయ్యి ఎత్తి ఆపేవాడు.

“పేరు చెప్పకుండ్రి. పేరు నోట్లకు వచ్చిందంటె కండ్లు మూసుకపోతయి. గీత చెప్పుండ్రి.”

గీత చెప్పాక దాన్ని చింతగింజలతో నేల మీద పేర్పించేవాడు. నల్లగింజ ఒక పోగు. దాని తొక్క తీసిన తెల్లగింజ ఇంకో పోగు. వరస తరవాత వరస. గింజల్లో కుదిరితే మగ్గం మీద కుదురుతుందని లెక్క. వంకర గీతను అడ్డం నిలువు పోగుల్లో ఎట్లా మెట్లు మెట్లుగా దించాలో అట్లాగే నేర్పాడు.

సారలమ్మకు అప్పుడు పదేళ్ళు. బడిలో మూడో తరగతి. ఇంట్లో ఎట్లాగూ కంపే. నూలుకు ఎర్రరంగు తొగరు వేరుతో వేస్తారు. రంగు పట్టాలంటే ముందు నూలును ఆముదంలో, పేడనీళ్ళలో రోజుల తరబడి నానబెట్టి, పిసికి, ఎండబెట్టి, మళ్ళీ నానబెట్టాలి. ఎంత తోముకున్నా ఆ వాసన ఆమె జడలోంచి పోయేది కాదు. బడిలో పక్కన కూర్చున్న పిల్లలు ముక్కు మూసుకునేవాళ్ళు. ఇప్పుడు దానికి పురుగులు తోడయ్యాయి.

“ఓ పురుగులోళ్ళ పిల్లా, ఇయ్యాల మీ ఇంట్ల ఏం కూర?” అని పటేలు మనవరాలు అడిగేది.

“అదేందే అట్లంటవ్? తెల్ల పురుగు నూనెల ఏపుతె కమ్మగుంటది. అడుగు, సగం పెడ్తది” అని దోర్ల పిల్ల నందే ఇంకా ఎగదోసేది. నందే వెక్కిరించడానికి అనేది కాదు. నవ్వించడానికి అనేది. సారలమ్మకు ఆ తేడా అప్పుడు తెలిసేది కాదు.

వానలు తగ్గిన ఒక రోజు ఉప్పలయ్య పిల్లల్ని వాగు ఒడ్డుకు తీసుకుపోయాడు. అక్కడ ఎప్పుడో కూలిన మద్దిమాను ఒకటి కుళ్ళుతూ పడి ఉంది. కొడవలి మొనతో బెరడు లేపాడు. చప్పుడు కూడా కాకుండా పెద్ద చెక్క ఊడి వచ్చింది. కింద తడి పొట్టు, కుళ్ళు వాసన, తెల్లగా మెదిలే పురుగులు. పిల్లలు వెనక్కి దూకారు. ఉప్పలయ్య అరచేత్తో పొట్టు తుడిచాడు. మాను ఒంటి మీద తొలిచిన గీతలు బయటపడ్డాయి. నడుమ ఒక నిలువు బాట. దానికి రెండు వైపులా పక్షి ఈక పీచుల్లా వరసగా సందులు.

“ఇర్మా, నువ్వు చెప్పు. పేరు వద్దు.”

“నడుమ పెద్ద బాట. పక్కల చిన్న బాటలు.”

“చిన్న బాటలు ఒక్క తీరుగ ఉన్నయా?”

ఇర్మా మోకాళ్ళ మీద కూర్చుని వేలు పెట్టి తడిమాడు. “లేవు. మొదట్ల సన్నగ ఉన్నయి. పోంగ పోంగ లావైనయి.”

“ఎందుకట్ల?”

పిల్లలు మాను మీదికి వంగారు. తరవాత నందే కిసుక్కున నవ్వింది. “తినుకుంట పోతుంది కద తాతా. తిన్నకొద్ది అది లావైంది, దానితోని బాట లావైంది.”

ఉప్పలయ్య మొహం చూడాలి అప్పుడు. మగ్గం మీద ఏ చీర దిగినా అంత వెలగలేదు ఆ మొహం. “సూషిన్రా! అది బాట గాదు, దాని వయసు. ఒక పోగుతోని మొదలు వెట్టాలె. తరువాత రెండు పోగులు. చివరికి మూడు. సారలమ్మా, నువ్వు సుత వేలు పెట్టి చూడు బిడ్డా.”

ఆయన కూతురి చెయ్యి పట్టి ఆ సందులో పెట్టాడు. లోపల ఇంకా ఒక పురుగు ఉంది. వేలి కింద చితికింది. చల్లగా, జిగటగా, పాల లాంటిది గోటి సందులోకి పోయింది. సారలమ్మ కెవ్వుమని అరిచి వాగులోకి పరుగెత్తింది. ఇసకతో తోమింది. వేలు ఎర్రబడేదాకా తోమింది. ఒడ్డున పిల్లలు విరగబడి నవ్వుతున్నారు. ఆ రోజే ఆ పిల్ల మనసులో అనుకుంది, ఈ చదువు ఎప్పుడు ఆగిపోతుందా అని.

ఆ గీతలతోనే పిల్లలు తువ్వాల నేశారు. ఇంటి ముందు చిన్న మగ్గం పాతి, ఒక్కొక్కరూ నాలుగు వేళ్ళ మేర నేశారు. తెల్ల నేల, అంచుకు తొగరు ఎరుపు, అంచు మీద నడుమ బాట, పక్కన సన్నగా మొదలై లావెక్కే సందులు. ఇర్మా నేసిన చోట ఒక సందు తప్పి పక్కకు పోయింది. విప్పి మళ్ళీ నేస్తానన్నాడు. “మాను మీద సుత ఒకటి పక్కకు పోయింది, ఉండనియ్యి” అన్నాడు ఉప్పలయ్య.

ఎండాకాలం చివర జగదల్‌పూర్ సాబు గుర్రం మీద వచ్చాడు. ఊరంతా బడి ముందు చేరింది. తువ్వాలను గురూజీ కర్రతో ఎత్తి బల్ల మీద వేశాడు, చేత్తో ముట్టుకోకుండా. సాబు దాన్ని చేతుల్లోకి తీసుకుని వెలుతురుకు పట్టాడు. ఇదేమిటని అడిగాడు. గురూజీ పెదవి విరిచి, ఏదో చెప్పాడు. సాబు కళ్ళు పెద్దవయ్యాయి.

“కీడా? యే కీడా హై?” అన్నాడు గట్టిగా. బల్ల మీద అరచేత్తో కొట్టాడు. “కీడా! కమాల్ హై!” తువ్వాలను మడిచి తన సంచిలో పెట్టించుకుని, గుర్రమెక్కి వెళ్ళిపోయాడు.

ఊరికి రెండో మాట వినపడలేదు. కీడా? ఏ కీడు? కీడే! అని మూడుసార్లు అన్నాడు సాబు, బల్ల గుద్ది మరీ అన్నాడు. పైగా ఆ గుడ్డ ఊళ్ళో ఉండకూడదని వెంట పట్టుకుపోయాడు. అట్లా అర్థమైంది వాళ్ళకు. తెలుగు చెవులకు అది తప్ప ఇంకోటి ఎట్లా వినపడుతుంది?

సారలమ్మకు వినపడింది. ఆమె హిందీ వాచకంలో ‘కీ’ అక్షరం పక్కన ఆకు మీద పాకే పురుగు బొమ్మ ఉంది. కింద ‘కీడా’ అని రాసి ఉంది. ఆ పేజీని ఆమె నూరుసార్లు చదివింది. మిగిలిన పిల్లలెవరూ ఆ పేజీ దాకా రాలేదు. సాబు మెచ్చుకున్నాడని, పురుగును ఇంత అందంగా నేశారా అని అబ్బురపడ్డాడని ఆ పిల్లకు తెలుసు. గురూజీకీ తెలుసు.

మొదటి వాన పడ్డాక పశువులకు గాలికుంటు తగిలింది. నోళ్ళ నుంచి జిగురు తీగలుగా కారింది. గిట్టల సందులు పగిలి పుండ్లు పడ్డాయి. ఈగలు ముసిరాయి. మూడో రోజుకు పుండ్లలో పురుగులు. దున్నే అదనులో పటేలు ముత్తయ్య ఎడ్లు రెండూ కొట్టంలో కూలబడ్డాయి. వాటి గిట్టల్లోంచి తెల్లటి పురుగుల్ని పుల్లతో తీసి బూడిదలో వేస్తుంటే అవి ఇంకా మెదిలేవి. ఊరంతా ఆ కంపే. తిండి సయించేది కాదు ఎవరికీ.

అప్పుడు ఎవరో అన్నారు. బట్ట మీద పురుగు నేసినోడు ఉండగా గిట్టల్లో పురుగు పడక ఏమవుతుంది, సాబు ముందే చెప్పిపోయాడు కదా అని. పొద్దున అన్న మాట సాయంత్రానికి ఊరి మాటైంది. మర్నాడు పటేలు పంచాయితీ పెట్టించాడు.

పటేలు వాకిట్లో అందరూ కూర్చున్నారు. ఉప్పలయ్య దూరంగా నిలబడ్డాడు. గురూజీని మంచం మీద కూర్చోబెట్టారు. ఆయన ఆ పూటంతా గోళ్ళలో మట్టి తీసుకుంటూ ఉన్నాడు.

“గురూజీ, నువ్వు చెప్పు. సాబు ఏమన్నడు?” అన్నాడు పటేలు.

“మీరే విన్నారు కదా” అన్నాడు గురూజీ తల ఎత్తకుండా.

“ఉప్పలయ్యా, నువ్వు?”

“నాకు హిందీ రాదు పటేలా.”

“మరి పిల్లలను అడుగుదాం. పొల్లా నందే, ఏమన్నడే సాబు?”

నందేది మొదటి తరగతి. విన్న మాటను విన్నట్టే గట్టిగా చెప్పింది, “కీడా అన్నడు.” వాకిలంతా గొల్లుమంది. ఆడవాళ్ళు లెంపలేసుకున్నారు. పటేలు కళ్ళు సారలమ్మ మీదికి తిరిగాయి. “నువ్వు పెద్ద తరగతి కదనే. నువ్వు చెప్పు.”

ఆమె లేచి నిలబడింది. నోట్లో మాట సిద్ధంగానే ఉంది. పురుగు అని అంటే చాలు. ఆ మాట అంటే ఇప్పచెట్టు కింద చదువు మళ్ళీ మొదలవుతుంది. మళ్ళీ పెంటకుప్పలు. మళ్ళీ గోటి సందులో ఆ జిగట. మళ్ళీ పురుగులోళ్ళ పిల్ల. ఆమె కాళ్ళ వంక చూస్తూ నిలబడింది.

“చిన్నపిల్లలను ఎందుకు అడుగుతరు పటేలా?” అన్నాడు ఉప్పలయ్య గబుక్కున. “వాళ్ళకేం ఎరుక? మీరెట్లంటె అట్లనే. రేపటి సంది నేను బడికాడికి రాను.”

దాంతో అయిపోయింది. ఇంకెప్పుడూ బట్ట మీద జీవం ఉన్నదేదీ నేయకూడదని, పిల్లలు పేర్చిన నమూనాలు పారేయాలని తీర్పు చెప్పారు. చింతగింజలు వాగులో కలిపారు. చిన్న మగ్గం పీకి పొయ్యిలో పెట్టారు. గురూజీ ఇప్పచెట్టు కింద నీళ్ళు చల్లించి, గులాబీ పుస్తకం మళ్ళీ బయటికి తీశాడు. ఎడ్లు ఎట్లాగూ చచ్చాయి.

ఆ తరవాత పద్దెనిమిదేళ్ళూ ఉప్పలయ్య తెల్ల బట్ట నేశాడు. ఎర్ర అంచు, అందులో ఒక్క తిన్నని గీత. పెళ్ళికైనా అదే, చావుకైనా అదే.

సారలమ్మ పెరిగింది. ఆ ఊళ్ళోనే పెళ్ళి చేసుకుంది. ఏళ్ళు గడిచేకొద్దీ పురుగుల మీద ఆమెకున్న రోత పోలేదు గాని, అంతకన్నా ఎక్కువ రోత మనుషుల మీద పుట్టింది. గురూజీ గోళ్ళు గుర్తొస్తే ఆమెకు అన్నం దిగేది కాదు. పటేలు ఎదురైతే దారి మార్చుకునేది. తన నాలుక మీద తనకే అసహ్యం. దాన్ని మోయలేనప్పుడు అదంతా తండ్రి మీదికి తోసేది. పదిమందిలో నోరు తెరవలేని మనిషి, భాష రాని మనిషి, భయపడి పిల్లల్ని కూడా మాట్లాడనివ్వని మనిషి. ఆయన ఒక్క క్షణం ఆగి ఉంటే తను చెప్పేదేమో కదా అని తనకు తాను చెప్పుకునేది. చెప్పేదా? ఆ ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి వేరే పని చూసుకునేది. కొన్నిసార్లు ఆ విసురు మాటల్లో బయటపడేది. “నీకు నోరుంటె మన బతుకు ఇట్లుండునా?” అనేది. ఆయన నూలు చిక్కు విప్పుకుంటూ ఉండేవాడు.

గురూజీ బదిలీ అయి పోయాడు. ఎక్కడో చచ్చిపోయాడని కూడా తెలిసింది. ఇర్మా అడవి పనికి పోయాడు. నందే గూడెంలోనే ఉంది, నలుగురు పిల్లల తల్లి.

ఉప్పలయ్య దినాల నాడు నందే ఇప్పపువ్వు గంప నెత్తిన పెట్టుకుని వచ్చింది. వంటలయ్యాక ఇద్దరూ పెరట్లో గిన్నెలు తోముతున్నారు. పటేలు అన్న ‘పువ్వు’ మాటను సారలమ్మ కసిగా చెప్పి, బూడిద చేతులతోనే పక్కకు తిరిగి ఉమ్మేసింది.

“పోనియ్యే. ముసలోడు. పోయే కాలం దగ్గరికొస్తె మాటలు తియ్యగైతయి” అని నవ్వబోయింది నందే. సారలమ్మ నవ్వలేదు.

“ఆ నాడు నాయినకు హిందీ వస్తె సరిపోతుండె” అంది. “ఒక్క ముక్క వస్తె.”

నందే గిన్నె కింద పెట్టింది. “రాదా? కీడా అంటె పురుగని ఆయనకు ఎరుకే కదనే. నీకు చెప్పలే?”

అప్పట్లో నందే గురూజీ ఇంటికి నీళ్ళు మోసేది. ఒక సాయంత్రం కడవ దించుతుంటే ఉప్పలయ్య దొడ్డి గుమ్మం బయట నిలబడి, ఆ మాటకు అర్థమేందని గురూజీని అడిగాడట. పురుగు అన్నాడట గురూజీ. ఊరికి నేను మాత్రం చెప్పను, మీ పిల్ల పుస్తకంలోనే ఉంది, దానికి బాగా తెలుసు, దాన్నే లేచి చెప్పమను అన్నాడట. నందేకు హిందీ రాదు గాని, ఇదంతా గురూజీ ఆ రోజు తెలుగులోనే అన్నాడు.

“మరి నాయిన ఏమన్నడు?”

“దానికి పురుగులంటె రోత గురూజీ, వద్దు అన్నడు. పోయిండు.”

“ఎప్పుడది? పంచాయితీ అయినంకనా?”

“అప్పటికి ఇంకా కాలే. తెల్లారితె పంచాయితీ.”